నాగూరు వంతు

గురక పెట్టేవాడికి తప్ప ఇరుగుపొరుగు అందరికీ తెలిసిన జబ్బు గురక. రాఘవులు గురక అయితే మిల్లు కాలనీ మొత్తానికి తెలుసు. స్పిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు దిగి, పొద్దున్నే ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిని నడుం వాల్చాడంటే చాలు, రేకుల కప్పు మీద ఎవరో ఇసుక బస్తా ఈడుస్తున్నట్టు మొదలయ్యేది. చుట్టూ ఉన్నవన్నీ షిఫ్టు ఇళ్ళే. అతనొక్కడి నిద్ర కోసం పదిళ్ళ నిద్ర పాడయ్యేది.

అతని భార్య ఆదెమ్మ చెయ్యని వైద్యం లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టింది. వెల్లకిలా తిరిగితే గుచ్చుకునేలా బనీను వెనక చింతపిక్కల మూట కుట్టింది. పొట్ట తగ్గాలని అన్నం తగ్గించింది. ముక్కుకి ఆవిరి పట్టింది. తాగుడు మానతానని పిల్లల మీద ఒట్టు వేయించింది. ఒక్కోదానితో గురక కాస్త తగ్గేది, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చేది. ఆస్పత్రివాళ్ళిచ్చిన గాలి మిషను బాగానే పనిచేసేది కానీ, ముక్కుకి ఆ తొడుగు పెట్టుకుని ఉక్కపోతలో పడుకోవడం రాఘవులు వల్ల కాలేదు. అందుకే గురక మాన్పే గొంతుపాఠం నేర్చుకోవడానికి మనుషులు కావాలని నిద్ర పరిశోధనశాల వాళ్ళు మిల్లుకి వచ్చినప్పుడు మొదటి పేరు రాఘవులుదే. ఇప్పించింది ఆదెమ్మ.

ఆ పేరు రాసుకున్నది సైదాబీ. చిలకలూరిపేట పిల్ల, నలభై దాటిన మనిషి, పరిశోధనశాలలో యంత్రాలు చూసుకునే ఇంజనీరు.

గొంతుపాఠం ఆలోచన డాక్టర్ అనసూయది. నిద్రపట్టగానే మనిషి గొంతు సడలుతుంది, నాలుక వెనక్కి జారుతుంది, అంగిలి వేలాడుతుంది. ఇరుకైన ఆ దారిలో ఊపిరి తోసుకుపోతుంటే అదిరే చప్పుడే గురక. ఊదే వాద్యాలు వాయించేవాళ్ళకి గురక తక్కువని అనసూయ గమనించింది. ఏళ్ళ తరబడి గాలిని అదుపులో పెట్టిన గొంతు నిద్రలో కూడా బిగువు వదలదు. అయితే మిల్లులో దారం ముడివేసే మనిషిని కూర్చోబెట్టి నలభై ఏళ్ళు సన్నాయి సాధన చెయ్యమంటే చేస్తాడా? ఒకడి సాధనని ఇంకొకడి గొంతుకి అప్పగించలేమా అని ఆమె ఇరవై ఏళ్ళు తల బద్దలు కొట్టుకుని, చివరికి ఒక మెడపట్టీ తయారుచేసింది. వాయించేవాడి మెడకి కడితే అది అతని గొంతు కండరాల కదలిక అంతా రాసుకుంటుంది. పడుకున్నవాడి మెడకి కడితే అదే కదలికని చీమ కుట్టినంత కరెంటుతో అతని గొంతుకి నేర్పుతుంది. నలభై నిద్రలయ్యేసరికి గొంతుకి పాఠం వంటబడుతుంది. ఆ తర్వాత పట్టీ తీసేసినా మరిచిపోదు. ఈత నేర్చినవాడు మరిచిపోతాడా, అంతే.

ఇంతకీ సాధన ఎవరిది? సైదాబీ తండ్రి మీరావలి సాహెబుది.

మీరావలిది సన్నాయి ఇల్లు. నమాజు చేసి వచ్చి, అదే నోటితో రాములవారి కల్యాణానికి సన్నాయి ఊదే ఇల్లు. ఆయనా తమ్ముడు నాగూరూ జోడుగా కూర్చుంటే పెళ్ళిపందిట్లో పురోహితుడు సైతం మంత్రం ఆపి తల ఊపేవాడు. ఆరేళ్ళ కిందట నాగూరు గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు మీరావలి ఒక్కడే వాయించి, ఉన్నట్టుండి సన్నాయిని గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. ఎందుకు నాయనా అంటే ఓపిక లేదన్నాడు. సైదాబీ నిజమే అనుకుంది. గొంతుపాఠానికి ఊదేవాళ్ళు కావాలన్నప్పుడు ఆమెకి మొదట తండ్రే గుర్తొచ్చాడు. ఆ వంకనైనా మనిషి లేచి తిరుగుతాడని ఆశ.

"నా గొంతుతో జనం నిద్రపోతారంటే అంతకన్నానా" అన్నాడు మీరావలి. ఇరవై రోజులు, రోజుకి రెండు గంటలు, గాజు గదిలో మెడకి పట్టీ కట్టుకుని వాయించాడు. గది బయట కూర్చుని సైదాబీ గీతలు చూసింది. లోపలి చప్పుడు బయటికి వినిపించే స్పీకరు ఒకటుంది. మొదటి రోజు ఒక్క నిమిషం విని, ఆమె దాన్ని కట్టేసింది. చిన్నాయన పక్కన లేకుండా నాయన సన్నాయి వినడం ఆమెకి చేతకాలేదు. పరిశోధనకి కావలసింది కండరాల కదలికే గానీ పాట కాదు గనక ఎవరూ అడగలేదు.

ముప్ఫై ఎనిమిది మంది మిల్లు కార్మికులు మూడు నెలల్లో గొంతుపాఠం నేర్చారు. ముప్ఫై ఎనిమిది గురకలూ ఆగాయి. ఆదెమ్మ గిన్నెడు గారెలు వండుకుని పరిశోధనశాలకి వచ్చి, గుమ్మంలో వాచ్‌మన్‌తో మొదలుపెట్టి అందరికీ పంచింది. మీరావలికి కబురు చెబితే ఆయన చాలాకాలానికి నవ్వాడు.

రెండు నెలలు గడిచాక ఆదెమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో గిన్నె లేదు.

"అమ్మా, గురక లేదు, నిజమే. కానీ ఆయన ఊపిరి మధ్యలో ఆగుతోంది. ఎవరో పిలిస్తే విందామన్నట్టు ఆగుతాడు. మొదట్లో రోట్లో నాలుగు పోట్లు పడేంత సేపు ఆగేవాడు, ఇప్పుడు పది పోట్లు. నాకు భయంగా ఉంది."

సైదాబీ చిన్న యంత్రం సంచిలో వేసుకుని మధ్యాహ్నానికి వాళ్ళింటికి వెళ్ళింది. రాఘవులు నులకమంచం మీద గాఢనిద్రలో ఉన్నాడు. నిజంగానే చప్పుడు లేదు. నాలుగు ఊపిరులు హాయిగా తీశాడు. అయిదోది తీసుకుని ఆగిపోయాడు. ఛాతీ పైకి లేచి అలాగే నిలబడింది. మొహంలో బాధ కూడా లేదు. సైదాబీ కుడిచెయ్యి తనకి తెలియకుండానే మోకాలి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు పందిళ్ళలో నాయన, చిన్నాయనల మధ్య కూర్చుని తాళం వేసిన చెయ్యి అది. రెండు ఆవర్తనాలు నిండాయి. సరిగ్గా అక్కడ రాఘవులు ఊపిరి వదిలాడు.

ఆ ఆగడం సైదాబీకి తెలుసు. వాళ్ళింటి జోడులో పద్ధతే అది. అన్న నాలుగు దమ్ముల పాట ఊది, అయిదో దమ్ము నిండా పట్టి, సన్నాయి పెదవుల మీదే ఉంచి ఆగుతాడు. తమ్ముడు అందుకుని జవాబు చెబుతాడు. జవాబు అయ్యాక పట్టి ఉంచిన ఆ దమ్ముతోనే అన్న మళ్ళీ ఎత్తుకుంటాడు. ఊళ్ళో ఇంకెవరికీ రాని పద్ధతి. దాన్ని ఇంట్లో నాగూరు వంతు అనేవాళ్ళు.

గాజు గదిలో మీరావలి ఇరవై రోజులూ నాగూరు వంతుకి ఖాళీ వదిలి వాయించాడు.

సైదాబీ పరుగున వచ్చి అనసూయకి చెప్పింది. పాత గీతలన్నీ తీసి చూశారు. పాఠం కూర్చిన కంప్యూటరుకి పాట తెలియదు. గొంతు నిండుగా తెరుచుకుని కదలకుండా నిలబడిన క్షణాలే దానికి అన్నిటికన్నా మేలిమిగా కనిపించాయి. ఆ క్షణాలకే ఎక్కువ విలువ ఇచ్చి ముప్ఫై ఎనిమిది గొంతులకి నేర్పింది. పైగా మొదటి రోజు గీతల్లో ఆ విరామం అయిదు సెకన్లు, ఇరవయ్యో రోజుకి ఇరవై. జవాబు రాకపోతుంటే ఆయన ఇంకాస్త, ఇంకాస్త ఎదురుచూశాడు. నేర్చుకున్న గొంతులూ అదే దారిన పోతున్నాయి. ఇలాగే పెరిగితే ఏదో ఒకరోజు ఎదురుచూపులోనే ప్రాణం పోతుంది.

"మనం గొంతునే విన్నాం సైదా, పాట వినలేదు" అంది అనసూయ.

"మీకు తెలియదు మేడం. నాకు తెలుసు. నేను స్పీకరు కట్టేశాను."

ఆ మాట అన్నాక సైదాబీకి ఏడుపు ఆగలేదు. అనసూయ ఆమెని ఓదార్చనూ లేదు, తప్పుపట్టనూ లేదు. ముప్ఫై ఎనిమిది ఇళ్ళకీ మనుషుల్ని పంపించింది. నిద్రపోతున్నవాళ్ళ పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలని, ఊపిరి ఆగితే తట్టి లేపాలని చెప్పించింది. గాలి మిషన్లు ఇచ్చి చూశారు. అప్పటికే నిండా గాలి పట్టి ఆగిన ఛాతీలోకి ఇంక గాలి దూరలేదు. వేరే ఊరినుంచి ఒక కుర్ర విద్వాంసుణ్ణి రప్పించి అతని పాఠం ఎక్కించబోతే గొంతులు తిరగబడ్డాయి, ఇద్దరికి పొలమారి ప్రాణం మీదికొచ్చింది. దిద్దాలంటే మొదట నేర్పిన గొంతే దిద్దాలి. మీరావలి ఆ వంతు ఖాళీగా వదలకుండా, తన దమ్ముతోనే నింపి వాయించాలి.

ఆ మాట తండ్రికి చెప్పవలసినది సైదాబీయే. మీరావలి అంతా విన్నాడు.

"ఓపిక లేక మానుకోలేదమ్మా నేను" అన్నాడు. "పెళ్ళివాళ్ళు అడిగేవాళ్ళు, మధ్యలో ఆగిపోతున్నావేంది సాహెబూ, తాళి కట్టేవేళ సన్నాయి ఆగితే అరిష్టం గదా అని. నేను ఆపాలని ఆపితే గదా. ఆడికి రాంగానే దానంతట అదే ఆగిపోద్ది. వాడు పోయాడని నాకు తెలుసు. నా చేతుల్తో మన్ను కూడా వేశా. ఈ గొంతుకే ఎవరూ చెప్పలా."

"నాయనా, ముప్ఫై ఎనిమిది మంది..."

"వస్తా పద. అడగాలా?"

రావడం వచ్చాడు గానీ, గొంతు మాట వినలేదు. నాలుగు దమ్ములు ఊదేవాడు, అయిదో దమ్ము పట్టగానే బిగుసుకుపోయేది. కళ్ళు మూసుకుని, నుదుటి నరాలు ఉబ్బేలా తోసినా చప్పుడు వచ్చేది కాదు. అప్పుడు అనసూయ మెడపట్టీని తిరగేసింది. ఇన్నాళ్ళూ ఆయన గొంతునుంచి రాసుకున్న పట్టీ ఇప్పుడు ఆయన గొంతుకే నేర్పాలి. ఆ వంతు దగ్గర చిన్న కరెంటు ఇచ్చి గొంతుని ముందుకి నెట్టాలి.

"ఇది అయ్యాక నా గొంతు ఇంక ఆడ ఆగదా డాక్టరమ్మా?" అని అడిగాడు మీరావలి.

"ఆగదు సాహెబుగారూ. మళ్ళీ ఆగమన్నా ఆగదు."

ఆయన తల ఊపాడు. సైదాబీ ఈసారి గది బయట కూర్చోలేదు. ఇంట్లోంచి కంచు తాళాలు తెచ్చుకుని లోపల తండ్రి ఎదురుగా చాప మీద కూర్చుంది. మొదటి వారం విరామం ఇరవై సెకన్లనుంచి పదహారుకి దిగింది. అంతకు మించి కదల్లేదు. మీరావలి మోమాటపడుతున్నట్టు సైదాబీకి తోచింది. తమ్ముడు మాట్లాడుతుంటే అడ్డుపడే అలవాటు ఆయనకి లేదు. కరెంటు ఇంకాస్త పెంచుదామా అని అనసూయ అడిగితే, "రేపు చూద్దాం, రేపు తప్పకుండా" అనేవాడు. ఆ రేపు నాలుగు రోజులు నడిచింది. సైదాబీకి అర్థమైంది గానీ గట్టిగా అడగడానికి నోరు రాలేదు. ఆమెకి కూడా చిన్నాయన ఆ వంతులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పదకొండో రోజు పున్నారావు పోయాడు.

పున్నారావు ముప్ఫై ఎనిమిది మందిలో ఒకడు. పెళ్ళి కాలేదు, తల్లీతండ్రీ లేరు, మిల్లు హాస్టల్లో మూడో గదిలో ఉండేవాడు. పక్కన కూర్చోవడానికి ఇంటిమనుషులు లేక స్నేహితులు వంతులేసుకున్నారు. ఆ మధ్యాహ్నం కూర్చున్నవాడు భోజనాల గంట కొడితే కంచం తెచ్చుకోవడానికి వెళ్ళి పది నిమిషాల్లో వచ్చాడు. పున్నారావు ఛాతీ నిండా గాలి పట్టి, హాయిగా పడుకున్న మొహంతోనే ఉన్నాడు. తనకి గురక ఉందని పెళ్ళిచూపుల్లో చెప్పాల్సొస్తుందని సిగ్గుపడి పాఠానికి చేరాడట. ఆ సంగతి హాస్టలు పిల్లలు చెప్పి ఏడ్చారు.

అనసూయ ఈ కబురు పెద్దాయనకి చెప్పొద్దంది. సైదాబీ చెప్పింది. తండ్రికి అబద్ధం చెప్పడం ఆమెకి రాదు, పైగా ఇప్పటికే ఒకసారి చెవులు మూసుకున్న పాపం ఆమెని పీక్కుతింటోంది.

మీరావలి ఆ సాయంత్రం పున్నారావు అంత్యక్రియలకి వెళ్ళాడు. ఆయనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. కట్టె కాలేదాకా నిలబడి, తిరిగొచ్చి గాజు గదిలో కూర్చున్నాడు.

"నా తమ్ముడి కోసం నేను చూసుకుంటా కూర్చుంటే ఎవరి బిడ్డో పోయాడు" అన్నాడు. "డాక్టరమ్మా, ఎంత పెంచాలో అంత పెంచండి. నేను వొద్దన్నా వినబాకండి."

తర్వాతి వారం రోజులు సైదాబీ ఎప్పటికీ మరిచిపోలేదు. వంతు దగ్గరికి రాగానే కరెంటు ఆయన గొంతుని నెట్టేది. మొదట కీచుమని అపస్వరం వచ్చేది. జీవితంలో ఎన్నడూ అపస్వరం పలకని మనిషి సిగ్గుతో కళ్ళు మూసుకునేవాడు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారేవి. సన్నాయి దించేవాడు కాదు. పదహారు సెకన్లు పది అయ్యాయి, పది నాలుగయ్యాయి. నాగూరు చెప్పవలసిన జవాబుని మీరావలి తనే చెప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడి గమకాలు ఆయనకి కంఠతా వచ్చు, నలభై ఏళ్ళు విన్నవి. ప్రతీదీ తమ్ముడు పలికించినట్టే పలికించాడు. సైదాబీ తాళం తప్పకుండా వెయ్యడానికి పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

పంతొమ్మిదో రోజు గీత ఎక్కడా ఆగలేదు. గంటన్నర సేపు మీరావలి సన్నాయి ఒక్క సందు లేకుండా నడిచింది. గాజు బయట కుర్రాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అనసూయ చేతులు జోడించింది. మీరావలి పట్టీ విప్పి సైదాబీ చేతిలో పెట్టి, "అయిపోయిందమ్మా" అన్నాడు.

కొత్త పాఠం ముప్ఫై ఏడు గొంతులకి ఎక్కింది. నలభై నిద్రలయ్యేసరికి అందరి ఊపిరీ దారిన పడింది. రాఘవులు మళ్ళీ షిఫ్టుకి వెళ్ళి, పొద్దున్నే వచ్చి పడుకున్నాడు. ఆదెమ్మ రెండు నెలలకి పైగా మగడి ఛాతీ చూస్తూ కూర్చున్న మనిషి, మొదటిసారి ధైర్యంగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిందేగానీ రెండు నిమిషాలకోసారి వచ్చి చూసిపోతూనే ఉంది. గొంతుపాఠం ఇంకెవరికీ నేర్పబోమని అనసూయ కాగితం రాసి పైకి పంపి, పున్నారావు పేరు మీద విచారణ తానే కోరింది.

ఇంటికొచ్చాక మీరావలి రెండు రోజులు సన్నాయి ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం తీశాడు. వంటింట్లో ఉన్న సైదాబీకి వినిపించింది. నాలుగు దమ్ములు, అయిదో దమ్ము, వెంటనే నాగూరు జవాబు. ఆయన ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. ఆగాలని చూస్తున్నాడు, గొంతు ఆగడం లేదు. ఏడెనిమిదిసార్లు అలా చేసి, సన్నాయి పక్కన పెట్టి, తెల్ల చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకున్నాడు.

"ఎక్కడికి నాయనా?"

"కాశింబీ దగ్గిరికి. నువ్వు కూడా రా."

కాశింబీ నాగూరు భార్య. నాలుగు వీధుల అవతల, కొడుకు దగ్గర ఉంటోంది. నాగూరుకి మన్ను వేసి వచ్చిన రోజునుంచి మీరావలి ఆ గడప తొక్కలేదు. మూడో రోజు ఫాతిహా ప్రార్థనకి వెళ్ళలేదు, నలభయ్యో రోజుకీ వెళ్ళలేదు. పరామర్శకైనా రాని బావగారని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కాశింబీ మాత్రం ఒక్క మాట అనలేదు.

ఎండలో మెల్లగా నడిచి వెళ్ళారు. కాశింబీ వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. బావగారిని చూసి చేట కిందపెట్టి, తలమీదికి కొంగు లాక్కుని లేచి నిలబడింది. ఆమె కుర్చీ వెయ్యబోతే మీరావలి వద్దని, చావు జరిగిన ఇంటికి వచ్చినవాళ్ళు కూర్చున్నట్టు నేలమీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

తల ఎత్తి, "తమ్ముడు పోయాడంట గదా కాశింబీ" అన్నాడు.

ముసలాయనకి మతి పోయిందని కాశింబీ భయపడుతుందేమో అనుకుంది సైదాబీ. కాశింబీ భయపడలేదు. ఆరేళ్ళుగా ఈ మాట కోసమే తలుపు తీసిపెట్టుకుని ఉన్న మనిషిలా వచ్చి, ఆయనకి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అవును బావగారూ, పోయాడు" అంది.

మీరావలి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, అప్పుడే కబురు అందినవాడిలా బావురుమన్నాడు. ఆ ఏడుపు ఎక్కడా ఆగలేదు. కాశింబీ లేచి వెళ్ళి ఆయనకి చెంబుతో నీళ్ళు తెచ్చింది.